ఆగస్టులో చెప్పని ఆరు మాటలు

లినెట్ భయమల్లా ఒక్కటే. ఏదో ఒకనాడు గ్రాడీ తన కన్నకూతురి మొహంలోకి చూసి, "ఎవరీ పాప?" అని అడుగుతాడేమోనని!

ఆ ఆదివారం పొద్దున ఆ భయం తలుపు తోసుకుని ఇంట్లోకే వచ్చేసింది. "అత్తయ్య దగ్గర్నుంచి జూనీని తీసుకురా, పాలవేళయింది" అని మొగుణ్ణి పంపించింది. అత్తగారిల్లు రెండు వీధుల అవతలే. ఇరవై నిమిషాలకి తిరిగొచ్చాడు గ్రాడీ. చేతిలో ఊరబెట్టిన బీట్‌రూట్ సీసా ఉంది. పాప లేదు!

"జూనీ ఏదీ?"

"లోపల పడుకుంది కదా."

"లోపలెక్కడ పడుకుంది గ్రాడీ! నిన్ను పంపించింది దాని కోసమేగా!"

అతను సీసాకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. తర్వాత నవ్వేశాడు. "అమ్మ ఇది చేతిలో పెట్టేసరికి మర్చిపోయాలే. నువ్వు మరీ చేస్తావు!"

మర్చిపోవడమా! పద్నాలుగు నెలల పసిదాన్ని...! ముందురోజు కాలేజీ జట్టు ఆడిన ఎనిమిదో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, బంతి పట్టుకుని దూసుకొస్తున్నవాణ్ణి కూల్చబోయిన గ్రాడీ తల వాడి మోకాలికి కొట్టుకోవడం లినెట్ కళ్ళారా చూసింది. ఆ హెల్మెట్ చప్పుడు ఆమె కూర్చున్న పన్నెండో వరస దాకా వినిపించింది. లేచి, తన జట్టు వైపు కాకుండా ఎదుటి జట్టు వైపు నాలుగడుగులు వేశాడు. జట్టులో స్నేహితుడు డెస్మండ్ పరుగున వచ్చి భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఎనిమిదికి ఎనిమిదీ గెలిచిన జట్టు అది. ఆ సంబరంలో ఎవరికి పట్టింది!

అసలు సంగతి లినెట్‌కి ఒక్కదానికే తెలుసు. ఆటలు మొదలవకముందు ఆగస్టులో, జట్టులో గాయాలు చూసే పెట్రా ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి పది మాటలు చదివి, తిరిగి చెప్పమంటుంది. ఎన్ని చెప్పాడో రాసిపెట్టుకుంటుంది. ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్ళీ అడిగి పోల్చి చూస్తుంది. తగ్గితే ఇంక ఆట లేదు. అందుకని గ్రాడీ ఏం చేశాడు? పదీ గుర్తుండి కూడా నాలుగే చెప్పొచ్చాడు! ఆ సాయంత్రం వంటింట్లో మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ, మిగిలిన ఆరు మాటల్నీ పాట కట్టి పాడాడు. "చూశావా మీ ఆయన తెలివి!" అన్నాడు. ఆ ఆరు మాటల సంగతి ఇప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోతోంది. ఎందుకంటే... ఆ రోజు తనూ నవ్వింది!

సోమవారం కోచ్ దగ్గరికి వెళ్ళి, గ్రాడీకి పరీక్ష పెట్టించమని అడిగింది. ఆయన కాదనలేదు. బుధవారం పెట్రా చేత పరీక్ష పెట్టించాడు. గ్రాడీ ఐదు మాటలు చెప్పాడు.

"చూడమ్మాయ్, ఆగస్టులో నాలుగు, ఇప్పుడు ఐదు. దెబ్బ తగిలి మీ ఆయనకి తెలివి పెరిగినట్టుంది!" అని పకపకా నవ్వాడు కోచ్.

అప్పుడైనా చెప్పాల్సింది! కానీ గ్రాడీ ఆయన వెనకే నిలబడి, వద్దు వద్దని కళ్ళతో బతిమాలుతున్నాడు. అయినా రెండో ఏడాదిలోనే కడుపుతో ఇదే కాలేజీ మానేసి వెళ్ళిన పిల్ల, అంతమంది ముందు మొగుడు మోసం చేశాడని ఏ నోటితో చెప్తుంది! మింగేసింది. తొమ్మిదో ఆట కూడా గెలిచారు. ఇక మిగిలింది ఒక్కటే. అదీ గెలిస్తే పందొమ్మిదేళ్ళ తర్వాత పై పోటీలకి.

కడసారి ఆడే కుర్రాళ్ళ చెయ్యి పట్టుకుని తల్లులు మైదానంలోకి నడిచేది ఆ ఆట రోజే. అత్తగారు ఆర్డిస్, కొడుకు ఫొటో ఉన్న గుండ్రటి బిళ్ళ వారం ముందు నుంచే గుండెల మీద పెట్టుకు తిరుగుతోంది.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి. నిన్న టీవీ రిమోట్ పట్టుకుని ఇదెలా వాడాలి అని అడిగాడు!"

"వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు అదే అడిగాడు. ఆయనకేం దెబ్బ తగిలింది?"

"నవ్వులాట కాదత్తయ్యా..."

"మరి ఏడవమంటావా? నాలుగేళ్ళు ఈ రోజు కోసం చూశాను. ఇంకొక్క ఆట. నోరు మూసుకుని చప్పట్లు కొట్టు, చాలు!"

ఎవరికి చెప్పుకోవాలి! గోడకి చెప్పుకున్నా అది కాస్త బీటలు వారేదేమో... ఈ మనుషులు మాత్రం కదలరు!

శనివారం వచ్చింది. అత్తగారు పూలగుత్తితో, కొడుకు చెయ్యి పట్టుకుని, మైదానం మధ్యకి రాణిలా నడిచింది. జనం లేచి నిలబడ్డారు. గ్రాడీ చెయ్యి ఊపాడు. కానీ వెనక్కి తిరిగేటప్పుడు ఎటు వెళ్ళాలో తెలీక తల్లి మొహంలోకి చూశాడు. ఒక్క క్షణమే. లినెట్ జూనీని చంకనెత్తుకుని మెట్లు దిగింది. కంచె దగ్గర పెట్రాని పిలిచింది.

"ఆగస్టులో కావాలని తప్పు చెప్పాడు. పదీ తెలుసు ఆయనకి. నాకు పాడి వినిపించాడు. నేనూ నవ్వాను... నన్నూ తిట్టండి, కానీ ఆయన్ని ఆటలోకి దించకండి!"

పెట్రా సరాసరి వెళ్ళి గ్రాడీ హెల్మెట్ తీసుకొచ్చి లినెట్ చేతుల్లో పెట్టేసింది. హెల్మెట్ లేనివాడు మైదానంలోకి దిగలేడు మరి!

ఆట సాగినంతసేపూ ఆ బరువు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది లినెట్. గ్రాడీ గీత పక్కన నిలబడి ఆమెని చూసిన చూపు... శత్రువుని కూడా అలా చూడరు! అతని స్థానంలో డెస్మండ్ ఆడాడు. ప్రతి గురువారం లినెట్ ఇంట్లోనే తిని, జూనీని భుజాలకెత్తుకుని ఆడించే డెస్మండ్. మూడో భాగంలో అతనికీ గట్టి దెబ్బే తగిలింది. మోకాళ్ళ మీద కాసేపుండి, లేచి నవ్వాడు. జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

మూడు రోజులు గ్రాడీ ఆమెతో మాట్లాడలేదు. రొట్టెల కొట్టులో ఆడవాళ్ళు ఆమెని చూసి మాటలాపేశారు. నాలుగోరోజు ఆర్డిస్ వచ్చింది, గుండెల మీద బిళ్ళతోనే. కోడలి వంక చూడకుండా కొడుకు ఎదురుగా కూర్చుని, సంచిలోంచి సరుకుల చీటీ తీసింది.

"పది చదువుతాను. తిరిగి చెప్పు. నేను నీ కోచ్‌ని కాను, నిన్ను కన్నదాన్ని. నాటకాలాడావంటే చంపేస్తాను."

చదివింది. గ్రాడీ నిజంగానే ప్రయత్నించాడు. నుదురు చిట్లించాడు, వేళ్ళు మడిచాడు. గుడ్లు. సబ్బు... మళ్ళీ గుడ్లు. అంతే! "అమ్మా... నాకు రావట్లేదమ్మా!"

ఆర్డిస్ చీటీ మడిచింది. గుండెల మీద బిళ్ళ తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. లేచి కోడలి చేతులు రెండూ పట్టుకుంది. "మైదానంలో వాడు నావైపు చూసినప్పుడే నాకూ తెలిసింది లినెట్. తెలిసీ నడిచాను. పూలగుత్తి చేతిలో ఉంది కదా..." అంటూ బావురుమంది.

గ్రాడీ తలవంచుకుని పాపకేసి చెయ్యి చాచాడు. "జూనీ" అన్నాడు నెమ్మదిగా, ఆ పేరు జారిపోతుందేమోనన్నట్టు పట్టుకుని. తర్వాత లినెట్‌తో చాలా చిన్నగా అన్నాడు: "ఆగస్టులో... డెస్మండ్‌కి కూడా నేనే నేర్పాను. నాలుగు మించి చెప్పొద్దన్నాను."

లినెట్ ఆ క్షణమే పెట్రాకి ఫోన్ చేసింది. పెట్రా పిలిస్తే డెస్మండ్ రానన్నాడట. ఆటలు అయిపోయాయి, ఇంక నాకేం పరీక్ష అన్నాడట. లినెట్ మూడుసార్లు వెళ్ళింది. ఆమె గొంతు వినగానే లోపల అడుగుల చప్పుడు ఆగిపోతుంది. తమ ఆటల కాలాన్ని ముంచేసిన మనిషికి తలుపెందుకు తీస్తాడు!

కాలేజీ వెనక, టైర్ల కొట్టు మీద అతని గది. ఒక్కడే ఉంటాడు. వాళ్ళమ్మ ఎక్కడో టెక్సస్‌లో ఉంది. అమ్మా, మీలో ఎవరైనా అటు వెళ్తే ఒక్కసారి ఆ తలుపు తట్టండి. వేడిగా ఏదైనా వండి పట్టుకెళ్ళండి, తీస్తాడు. ఆట సంగతి ఎత్తకండి. లినెట్ పంపిందని అసలే అనకండి. పొద్దున ఏం తిన్నావు నాయనా అని అడగండి. చెప్పడానికి మరీ ఆలోచిస్తే... అతన్ని ఒంటరిగా వదిలి రాకండి.