ఏడో వ్యాగన్ మీది రాడార్

ఉదయం ఆరింటికి రైల్వే యార్డులో నాలుగో లైను పక్కన వ్యాగన్ ఎగ్జామినర్ శవం దొరికింది. మెడ విరిగింది. తడి కంకర మీద కాలు జారిందని రిపోర్టు రాశారు. ఏడింటికి సీక్రెట్ సర్వీస్ పెద్దాయన ఆ రిపోర్టును నిలువునా చింపి, మొద్దుని పిలిపించాడు.

సర్వీసులో ఆ ఏజెంటుని అందరూ మొద్దు అనే పిలుస్తారు. తెలివి తక్కువై కాదు, నుదుటికి తుపాకీ ఆనించినా మొహంలో గీత కదలదు గనుక. ఆ ఉదయం మాత్రం నిజంగానే మొద్దుబారిపోయి ఉన్నాడు. చచ్చిపోయిన ఎగ్జామినర్ అతని బావ. సొంత అక్క మొగుడు.

"అక్కకి చెప్పావా?"

"ఇంకా లేదు సార్."

"పదింటిదాకా చెప్పకు. ఆయన యూనిఫాం వేసుకుని ఆయన డ్యూటీ నువ్వే చెయ్యాలి. ఎనిమిదిన్నరకి మిలిటరీ స్పెషల్ వస్తుంది. పదకొండు వ్యాగన్లు. ఏడోదాని మీద కొత్త రాడార్. అది అవతలివాళ్లకి చిక్కిందంటే దాని కళ్లెలా కప్పాలో తెలిసిపోతుంది. వాళ్ల విమానాలు మన నెత్తి మీదకొచ్చేదాకా మనకి తెలీదు."

"యార్డులో మనవాళ్లు?"

"ఆఫీసు క్లర్కు. కోడ్ నేమ్ నెమలి. 'గొడుగు మీదేనా?' అను. 'వాన మాత్రం మీది' అంటుంది."

"బావని ఎందుకు చంపారు సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపిస్తాను?"

ముసురు పడుతోంది. స్పెషల్ వచ్చి ఆగింది. పట్టాల మీద వ్యాగన్, వ్యాగన్ మీద పట్టా, పట్టాకి తాళ్లు, తాళ్లకి సీళ్లు. బండితో వచ్చిన సైనికులు కాక, ఇన్నిటికీ కలిపి కాపలా కాసే పట్టా పుచ్చుకుని వచ్చినవాడు మొద్దు ఒక్కడే.

నెమలి నిజంగా నెమలే. నీలం చీర, నల్ల గొడుగు, నడకలో నాట్యం. కోడ్ మాట తడుముకోకుండా అప్పజెప్పింది. ఎస్కార్ట్ సైనికులను సంతకాలకని ఆఫీసులోకి తోలింది. "కొత్త ఇంజన్ తగిలించారు, ముందు ఆ కప్లింగ్ చూసి రండి" అని మొద్దుని ఆ చివరికి పంపింది. వర్షంలో షంటింగ్ ఇంజన్ ఏదో ముందుకీ వెనక్కీ తిరిగింది.

అతను తిరిగొచ్చేసరికి తొమ్మిది దాటింది. నెమలి రిజిస్టరు చదువుతుంటే అతను సరిచూశాడు. వ్యాగన్ నంబరు, సీలు నంబరు, తాడు ముడి, అన్నీ కరెక్టు.

"సంతకం పెట్టేయండి. బండి కదలాలి."

పెన్ను కాగితం మీద ఆనింది.

"అదేంటి బాబూ, చెయ్యి పెట్టి చూడవా?" అన్నాడు జెండా పట్టుకున్న, పట్టాలు మార్చే ముసలి పాయింట్స్‌మన్.

"దేనిమీద బాబాయ్?"

"ఇరుసు డబ్బా మీద. చక్రం పక్కన, ఇదిగో. కాలిపోతుంటే రిపేరని అర్థం. నీ ముందాయన ప్రతి డబ్బా ముట్టుకోందే సంతకం పెట్టేవాడు కాదు."

"ఆయనతోనే పోయిందిలే ఆ చాదస్తం" అంది నెమలి.

మొద్దు మొదటి డబ్బా ముట్టుకున్నాడు. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. రెండోది, మూడోది, ఆరోదాకా అంతే. ఏడోది మాత్రం తడి బండలా చల్లగా ఉంది.

ఆరు గంటలు పరిగెత్తిన బండిలో ఆ ఒక్క వ్యాగన్ పరిగెత్తలేదు.

ఇందాకటి షంటింగులో వ్యాగన్నే మార్చేశారు. నంబరుకి రంగేశారు. సీలుకి దొంగ సీలు, ముడికి ముడి వేశారు. వేడిని మాత్రం ఎవరూ వెయ్యలేకపోయారు. అది కనిపెట్టగల చెయ్యి యార్డులో ఒక్కటే ఉండేది.

పక్క లైనులో నిన్నటినుంచీ నిలిచిన సిమెంటు బండికి పచ్చ సిగ్నల్ పడింది. మొద్దు పరిగెత్తాడు, డబ్బాలు తడుముతూ. చల్లన. చల్లన. చల్లన. చిట్టచివరిది, పట్టా కప్పింది, వెచ్చగా తగిలింది. చెయ్యి తియ్యాలని అతనికి తోచలేదు. బండి కుదుపుతో కదిలింది. అతను వెనకకి దూకి బ్రేకు పైపు వాల్వు తిప్పేశాడు. బుస్సుమని గాలి పోయింది. చక్రాలు కీచుమని బిగుసుకున్నాయి.

"మూసెయ్ దాన్ని." మూసిన గొడుగు మొన అతని గుండెకి గురిపెట్టి ఉంది. మొనలో సన్నటి గొట్టం.

"పొద్దున నువ్వు చంపినాయన మా బావ."

"సుత్తి కొట్టకు. వాల్వు మూసెయ్."

సుత్తి కొట్టాడు. చక్రాలు తట్టి చూసే సుత్తి, సరిగ్గా ఆమె మణికట్టు మీద. గొడుగు పేలి ఆకాశానికి చిల్లు పెట్టింది. సైనికులు పరిగెత్తుకొచ్చారు.

అతనికి కోపం రాలేదు. గర్వమూ రాలేదు. అక్కకి ఫోన్ చేశాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది, అతను చాలాసేపు విన్నాడు.

పదింపావుకి పెద్దాయన వచ్చాడు. "మూడ్రోజులు సెలవు రాయరా. కారణం బావ పోయాడని పెట్టు."

"రూల్స్‌లో బావ దగ్గరి బంధువు కాడట సార్. జ్వరమని రాస్తాను."

పెద్దాయన అతని నుదురు ముట్టుకోకుండానే సంతకం పెట్టాడు.