కొట్టడం రాని చేతులు

ఇడ్లీ పాత్ర ఇంకా పొయ్యి మీదే ఉంది. జోజమ్మ పచ్చడికి పల్లీలు వేయిస్తూ హాల్లోకి తొంగి చూసింది. కొడుకు బెన్నీ మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని సోఫాలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంతే.

"ఇంకా లాగుతోందట్రా?"

"కొంచెం పట్టేసిందమ్మా. తగ్గిపోతుందిలే."

"అంతమందిని పడగొట్టేవాడివి, దిండు సరిగ్గా లేకపోతేనే మెడ పట్టేస్తుందా? లేచి మొహం కడుక్కో. మీ నాన్న వచ్చేస్తారు."

సోఫా పైన గోడకి బెన్నీ ఫోటో ఉంది. వేళ్ళు బయటికి కనిపించే గ్లవ్సు, నల్ల నిక్కరు, పళ్ళు బిగించిన మొహం. ఒక రెజ్లింగ్ కంపెనీ షోల్లో అతనిది ఎమ్మెమ్మే ఫైటరు వేషం. కుస్తీ, బాక్సింగు, కాలి దెబ్బలు అన్నీ కలిపి నిజంగా కొట్టుకునే ఆ పోటీల్లో, థాయిలాండులో, ఎవరి చేతిలోనూ ఓడిపోలేదని అతను రింగులోకి వచ్చేముందు మైకులో చెబుతారు. తిరువూరు బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన అతని తండ్రి ప్రభుదాసు ఆ మాటలన్నీ నమ్మాడు. నమ్మడమే కాదు, టీ కొట్టు దగ్గరా, చర్చి దగ్గరా కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. కొడుకు అసలు థాయిలాండే వెళ్ళలేదన్న సంగతి ఆయనకు తెలియదు.

ఆ పొద్దున టీకి వెళ్ళినాయన తొందరగా తిరిగొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి వచ్చి ఫోను బెన్నీ ముందు పెట్టాడు.

"ఇది నువ్వేనా?"

ఫోనులో వీడియో నడుస్తోంది. విజయవాడలో ఒక షాపింగ్ మాల్ ముందు, కంపెనీ వాళ్ళు షో గురించి ప్రచారం చేసుకుంటున్న చోట, నిజంగా ఎమ్మెమ్మే నేర్చుకుంటున్న బక్కపలచటి కుర్రాడొకడు స్టేజీ ఎక్కాడు. బెన్నీ నవ్వుతూ చేతులు చాచాడు. ఆ కుర్రాడు అతని కాళ్ళు లాగి పడేసి, వెనక్కి చేరి, మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. బెన్నీ మొహం ఎర్రబడింది. వదిలెయ్యమని నేల మీద చేత్తో కొట్టాడు. చుట్టూ జనం ఈలలు వేశారు.

"టీ కొట్టు దగ్గర అందరి ఫోన్లలోనూ ఇదే. ఆ కొట్టు గిరిబాబు నవ్వుతున్నాడు, బెంచీ కొట్టుకుని మరీ నవ్వుతున్నాడు. నిజం చెప్పు. నువ్వు ఎప్పుడైనా ఎవర్నైనా నిజంగా కొట్టావా?"

బెన్నీ లేచి కూర్చున్నాడు. "లేదు నాన్నా."

"ఒక్కణ్ణి కూడా?"

"ఎవరు గెలవాలో ముందే అనుకుంటాం. నేను పిడికిలి విసిరితే అవతలివాడికి తగలకూడదు, తగిలినట్టు కనపడాలి. వాడు నన్ను ఎత్తి పడేస్తే నేను వీపు మొత్తం పరిచి పడాలి, దెబ్బ తక్కువ తగిలేలాగా. అదే నా పని. ఎమ్మెమ్మే అనేది వేషం నాన్నా. ఒకడికి పోలీసు వేషం ఇచ్చారు, ఒకడికి అఘోరా వేషం ఇచ్చారు. నాకు ఇది ఇచ్చారు."

"నాటకాలాడేవాడివన్న మాట."

"అలాగే అనుకో."

"ఊరంతా చెప్పానురా! ఫాదర్ గారు నిన్ను చర్చిలో పీఠం దగ్గర నిలబెట్టి మెచ్చుకున్నారు!"

ప్రభుదాసు గొంతు వీధిలోకి వినిపించింది. జోజమ్మ పొయ్యి ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఫోను వైపు చూడలేదు.

"ఏమండీ, ఆ వీడియో సురేష్ బాబు చూసుంటాడా?"

సురేష్ బాబు ఆ ఇంటి అల్లుడు. విస్సన్నపేటలో ట్రాక్టరు సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో అతను వాళ్ళ కూతురు గ్లోరిని కొట్టేవాడు. ఒకసారి ఆమె చంటిపిల్లను ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. రెండు రోజులు ఉంచుకుని ప్రభుదాసే ఆమెను బస్సెక్కించాడు. కండక్టరుకు చెప్పి ముందు సీటు ఇప్పించాడు. "మీ అన్నయ్యని పంపిస్తాను. వాణ్ణి చూస్తే మీ ఆయన నీ జోలికి రాడు," అన్నాడు.

బెన్నీ వెళ్ళాడు. తాను రింగులోకి ఎలా నడుస్తాడో అలాగే ఆ ఇంట్లోకి నడిచాడు. బావ భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "మా చెల్లెలు ఏడిస్తే నాకు తెలుస్తుంది బావా," అన్నాడు. సురేష్ బాబు నుదుటికి చెమట పట్టింది. ఆ తర్వాత అతను గ్లోరి మీద చెయ్యెత్తలేదు. గ్లోరికి మొదటి నుంచీ తెలుసు అన్న చేసేది వేషమేనని. అయినా కొత్త షో వీడియో వచ్చినప్పుడల్లా తనే మొగుడి ముందు పెట్టి, "చూశారా, మా అన్నయ్య ఎలా విరిచేశాడో," అనేది. అలా అన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

జోజమ్మ కూతురికి ఫోను చేసింది. స్విచాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసింది. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉంది. ఇడ్లీలు ఎవరూ తినలేదు.

మూడింటికి బెన్నీ చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు ప్రభుదాసు కుర్చీలోంచి లేవకుండా.

"విస్సన్నపేట."

"వెళ్ళి ఏం చేస్తావు? వాడి ముందు కూడా వీపు పరిచి పడతావా?"

"నాకు వచ్చింది అదే కదా నాన్నా," అన్నాడు బెన్నీ.

జోజమ్మ జపమాల చేతిలో పట్టుకుని గేటు దాకా వెంట వచ్చింది. వెళ్ళొద్దని అనాలనుకుంది. కూతురు గుర్తొచ్చి ఆ మాట అనలేకపోయింది.

షేరాటో దిగి బెన్నీ ఆ సందులోకి తిరిగేసరికి సురేష్ బాబు కొట్టు ముందే కూర్చుని ఉన్నాడు. కొట్టు వెనకే ఇల్లు. పక్కన టైర్లకు పంక్చర్లు వేసేవాళ్ళు, ఎదురుగా ఎరువుల దుకాణం వాళ్ళు ఉన్నారు.

"రా బావా, రా! నీ గురించే చెప్పుకుంటున్నాం," అన్నాడు సురేష్ బాబు. "ఇదిగో, మా ఇంట్లో ఇన్నేళ్ళు నన్ను భయపెట్టిన పులి!"

"గ్లోరిని పిలువు. చూసి వెళ్ళిపోతాను."

"చూస్తావా? చూడు. గ్లోరీ!"

గ్లోరి పక్క గుమ్మంలోకి వచ్చింది. పైపెదవి చిట్లి వాచి ఉంది. ఆమె వెనక ఆరేళ్ళ ఆరాధన తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. అన్నను చూడగానే గ్లోరి వద్దన్నట్టు తల ఊపింది.

బెన్నీ జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నిజంగా కొట్టాలనుకున్నాడు. పిడికిలి బిగించి బలమంతా పెట్టి విసిరాడు. ఇన్నేళ్ళుగా ఆ చేతికి ఉన్న అలవాటు ఒక్కటే. చెంప దగ్గరికి రాగానే అది తనంతట తనే వదులైపోయింది. సురేష్ బాబుకు తగిలింది గాలి మాత్రమే.

సురేష్ బాబు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తెరిచి, పకపకా నవ్వాడు. పంక్చర్ల కొట్టులో ఎవరో కూడా నవ్వారు. "ఇంతేనా?" అని బెన్నీ గుండెల మీద రెండు చేతులతో తోసి, తూలుతుంటే మెడ మీద గుద్దాడు. బెన్నీకి పడటం తెలుసు. ఎలా పడాలో కొత్తవాళ్ళకు నేర్పినవాడు. కానీ ఆ దెబ్బకు ఏదీ గుర్తు రాలేదు, మూటలా పడిపోయాడు. కుడి చెయ్యి కదపబోతే వేళ్ళు తనవి కానట్టు ఉన్నాయి. సురేష్ బాబు కాలితో డొక్కలో తన్నాడు.

"మావయ్యని కొట్టొద్దు నాన్నా!" అని ఆరాధన కేక పెట్టింది.

గ్లోరి పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది. "వదిలేయండి. దణ్ణం పెడతాను. నేను లోపలికి వస్తున్నాను కదా, అన్నయ్యని వదిలేయండి," అంది. తర్వాత వంగి అన్న చెవి దగ్గర, "వెళ్ళిపో అన్నయ్యా. నువ్వు వచ్చినకొద్దీ నాకే ఎక్కువవుతుంది," అంది. పిల్లను చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తలుపు పడింది.

పంక్చర్ల కొట్టు కుర్రాళ్ళే బెన్నీని లేపి ఆటో ఎక్కించారు.

దీపాలు పెట్టేవేళకి అతను ఇల్లు చేరాడు. అతన్ని చూడగానే జోజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రభుదాసు గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి, గుడ్డ ముంచి, కొడుకు చెవి దగ్గర గడ్డ కట్టిన నెత్తురు తుడవడం మొదలుపెట్టాడు.

"కొట్టాలనుకున్నాను నాన్నా. చెయ్యి తగల్లేదు."

"మాట్లాడకు."

"ఇన్నేళ్ళు ఫైటర్నని తిరిగాను. ఒక్క దెబ్బ కొట్టలేకపోయాను. దాని పెదవి చూశాను."

ప్రభుదాసు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నిన్ను పంపించింది నేనురా," అన్నాడు. "అది చంటిపిల్లతో వచ్చినప్పుడు నా కూతుర్ని నేను ఉంచుకుంటానని అనలేకపోయాను. చర్చిలో ఏమంటారో, బస్టాండులో ఏమంటారో అని. నీ ఫోటో చూపించి పంపేశాను. వేషం నీదే అనుకున్నాను. తండ్రి వేషం వేసుకుని తిరిగింది నేను." ఆయన భుజాలు కదిలిపోయాయి. భర్త ఏడవడం జోజమ్మ తన అత్తగారి సమాధి దగ్గర తప్ప ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. ముందుగా ఆసుపత్రికి వెళ్దామంటే బెన్నీ వినలేదు. మెడకు పాత పట్టీ ఒకటి చుట్టుకున్నాడు. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు.

కొట్టు పక్కనుంచి సురేష్ బాబు ఇంటికి వెళ్ళే గేటుకు తాళం వేసి ఉంది. ప్రభుదాసు పిలిచాడు. గేటుకు అవతల నిలబడే మాట్లాడాడు అల్లుడు.

"ఏం మావయ్య గారూ, ఇంటిల్లిపాదీ వచ్చారే?"

"మా అమ్మాయిని తీసుకెళ్తాను సురేష్ బాబూ. పిల్లని కూడా."

"మీ అమ్మాయిని తీసుకెళ్ళండి. ఎవరు వద్దన్నారు? ఆరాధన నా కూతురు. అది గడప దాటదు."

"స్టేషన్‌కి వెళ్తాను."

"వెళ్ళండి. మీరు వెళ్ళొచ్చేలోపల పిల్ల ఖమ్మంలో మా అమ్మ దగ్గర ఉంటుంది. తర్వాత దాని మొహం ఎప్పుడు చూస్తుందో మీ అమ్మాయినే అడగండి." కొట్టుకు ఎవరో గిరాకీ వస్తే అతను అటు వెళ్ళిపోయాడు.

కాసేపటికి గ్లోరి వచ్చింది. పెదవి వాపు ఇంకా తగ్గలేదు. ఆమె కళ్ళు తండ్రిని చూసి, తల్లిని చూసి, అన్న మెడ దగ్గర ఆగిపోయాయి.

"వచ్చెయ్యమ్మా," అన్నాడు ప్రభుదాసు. "నాకు ఎవరేమన్నా పట్టదు. నిన్ను తీసుకెళ్ళడానికే వచ్చాను."

"ఇప్పుడా నాన్నా?" అంది గ్లోరి. ఆ గొంతులో కోపం కూడా లేదు. "అప్పుడు అది నా చంకలో ఉంది. ఎటైనా ఎత్తుకుని వెళ్ళేదాన్ని. ఇప్పుడు దాన్ని వదిలేసి ఎలా వస్తాను?"

బెన్నీ ఎడమ చేత్తో గేటు కమ్మీ పట్టుకుని తల ఆనించాడు. "నన్ను క్షమించవే," అన్నాడు.

"నువ్వేం చేశావు అన్నయ్యా. నీ పేరు చెప్పుకునే ఇన్నేళ్ళు కంటినిండా నిద్రపోయాను."

జోజమ్మ ఏడుస్తూ కమ్మీల మధ్య నుంచి కూతురి చెంప నిమిరింది. గ్లోరి ఇంటి వైపు ఒకసారి చూసుకుని, పొడుగు చేతుల జాకెట్టు మోచేతి పైదాకా లాగింది. నల్లగా కమిలిన మచ్చలు, వాటి పక్కనే వేళ్ళ గుర్తులు.

"చూడు నాన్నా," అంది.

ప్రభుదాసుకు చూపు తిప్పేసుకోవాలనిపించింది. తిప్పుకోలేదు. ఆ చేతిని కమ్మీల మధ్య నుంచి రెండు చేతులతో పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. కన్నీళ్ళు ఆ మచ్చల మీద పడ్డాయి.

కొట్టు లోపల్నుంచి సురేష్ బాబు, "గ్లోరీ!" అని పిలిచాడు.

గ్లోరి చెయ్యి లాక్కోలేదు. రెండోసారి పిలిచాడు. ఇంకాసేపు అలాగే ఉంచి, మెల్లగా విడిపించుకుని, లోపలికి వెళ్ళింది.

"ఇక బస్సుకి వెళ్దామా?" అంది జోజమ్మ కాసేపటికి.

ప్రభుదాసు తల అడ్డంగా ఊపి, ఎదురుగా ఎరువుల దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. చెయ్యగలిగిందేమైనా ఉందో లేదో కూడా తెలియదు. ఆమె మళ్ళీ గుమ్మంలోకి వస్తే తాను కనపడాలి, అంతే. జోజమ్మ ఆయన పక్కన కూర్చుంది. బెన్నీ వంగలేక, వాళ్ళ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.