పన్నెండో మిల్లీమీటరు

ఉదయం ఎనిమిదిన్నరకి, ఆఫీసు ఎదుటి మలుపులో, నంబరు ప్లేటు లేని నల్లకారొకటి గళ్ళచొక్కా చెల్లెల్ని గుద్ది చంపి, ఆగకుండా వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి గళ్ళచొక్కా పెద్దాయన గదిలో కూర్చుని మిషన్ బ్రీఫింగ్ వింటున్నాడు. ఏడవడానికి అతనికి దొరికిన టైము లిఫ్టులో మూడంతస్తులే.

ఏ వేషం వేసినా లోపల గళ్ళచొక్కా వదలడని డిపార్ట్‌మెంటులో అతనికా పేరు. పెద్దాయన అంటే అక్కడ చీఫ్.

"ఇంకెవరినైనా పంపేవాణ్ణి," అన్నాడు పెద్దాయన. "కానీ ఆ పరికరాల గురించి నీకు తెలిసినంత ఇక్కడెవరికీ తెలీదు."

"నాకేం తెలుసు సార్? భోజనాల దగ్గర చెల్లి వాటి గురించే వాయించేది. ఊఁ కొట్టేవాణ్ణి, అంతే."

"ఆ ఊఁ కొట్టిందే ఇవాళ కావాలి. విను. విదేశీ ముఠా కోడ్ మొత్తం విప్పిన మన లెక్కల మాస్టారికి సైనస్ ఇన్ఫెక్షన్ కంటిదాకా పాకింది. పదింటికి ఆపరేషన్. నుదుటి ఎముక వెనకాల ఆ మూలకి అందేవి నీ చెల్లెలు చేసినవే. మొత్తం ఆరు."

ఆ ఆరింటి కోసం ఆమె నాలుగేళ్ళు ఇల్లూ వాకిలీ మర్చిపోయింది. సర్జన్ వేళ్ళతో వంచితే ఆ రోగి ముక్కుకి తగ్గట్టు వంగాలి. వంగాక మాత్రం ఎముకని గీకినా బెసక్కూడదు. మెత్తగానూ ఉండాలి, మొండిగానూ ఉండాలి. అచ్చం నీలాగేనే, అని అన్న ఏడిపించేవాడు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "నిన్న ఒక మెసేజ్ పట్టుకున్నాం. 'ఆరింటిలో ఒకటి మనది.' లోపల కోత పెట్టుంటారు. కంటి పక్కన విరిగితే మెదడులోకి దిగుతుంది. ఆపరేషన్‌లో పొరపాటు అంటారు గానీ, హత్య అని ఎవడంటాడు?"

"వాయిదా వేయించండి."

"ఇవాళ చెయ్యకపోతే మనిషి దక్కడు. పరీక్షలకి టైము లేదు."

తర్వాత పెద్దాయన బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. మొదటిది ఫోటో. హోటల్ లాబీలో పట్టు గౌను, ఎత్తు చెప్పులు, నల్ల కళ్ళద్దాలు. ముఠా నాయకుడి భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది చెల్లి. పుట్టి బుద్ధెరిగాక గోళ్ళలో ఇనప రజను లేకుండా కనబడని పిల్ల! రెండోది డ్రాయింగ్ జిరాక్సు. 'మెత్తబరిచిన మెడ, మొన నుంచి 8 మి.మీ.' ఆమె చేతిరాతే. పరికరం వంగే చోటది.

"అమ్మేసింది," అన్నాడు పెద్దాయన. "పనయ్యాక వాళ్ళే తీసేశారు. సారీ."

ఆమెతో మాట్లాడొద్దని, కారణం చెప్పకుండా, గళ్ళచొక్కాకి మూడు వారాలుగా ఆర్డర్. బుద్ధిగా పాటించాడు. ఇప్పుడా బుద్ధి మీద అతనికి అసహ్యం వేసింది.

పదీ పదికి అతను ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. ఆకుపచ్చ గౌను, మాస్కు, మెడ దగ్గర బొత్తాం సైజు మైకు. టేబుల్ మీద మాస్టారు మత్తులో ఉన్నాడు. ట్రేలో ఆరు పరికరాలు, అచ్చు గుద్దినట్టు ఒకేలా.

"నువ్వెవరు?" అన్నాడు సర్జన్.

"కంపెనీ టెక్నీషియన్ని సార్. వంపు చెక్ చెయ్యాలి."

"అయిదు చూసుకో. ఒకటి నాకు కావాలి." సర్జన్ చేతికందింది తీసుకున్నాడు.

గళ్ళచొక్కా మొదటిదాన్ని వంచి, ట్రేలోని స్కేలు ఆనించాడు. మొన నుంచి పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర వంగింది. రెండోది పన్నెండు. మూడోది, నాలుగోది, అయిదోది... పన్నెండే.

పన్నెండేమిటి? కాగితం మీద ఎనిమిది కదా?

చెల్లి గొంతు చెవిలో పడ్డట్టే అయింది. "ముందు ఎనిమిది దగ్గర పెట్టానన్నయ్యా. మొన పట్టు తప్పుతోంది. ఆ డ్రాయింగు చెత్తబుట్టలో పారేసి పన్నెండుకి జరిపాను. ఊఁ అనకు, విను!"

వాళ్ళకి ఆమె అంటగట్టింది ఆ చెత్తబుట్టలో కాగితమే! ఎంత నమ్మకంగా నవ్వితే దాన్ని కొన్నారో! వాళ్ళు చేసిన దొంగది ఎప్పుడు వంచినా తప్పుచోట వంగి దొరికిపోవాలని.

తలెత్తాడు. సర్జన్ చేతిలోది మొనకి బాగా దగ్గరగా వంగి ఉంది. ముక్కులోకి వెళ్తోంది.

"ఆగండి!"

మణికట్టు పట్టుకుని ఆపాడు. స్కేలు పెట్టాడు. ఎనిమిది. ట్రే అంచుకి ఆనించి నొక్కగానే మొన టక్కుమని విరిగి గిన్నెలో పడింది.

సర్జన్ నుదుటి మీద చెమట. "నిజంగా టెక్నీషియన్‌వేనా నువ్వు?"

"ఇవాళ్టికి."

బొత్తాం వైపు వంగి, "ఏసీ మరీ చల్లగా ఉంది," అన్నాడు. అది కోడ్. బయట కారిడార్లో, ఆ ట్రే పంపిన ఆసుపత్రి స్టోర్ గుమాస్తా చేతులకి బేడీలు పడ్డాయి. సర్జన్ మరొకటి అందుకుని పని మొదలుపెట్టాడు. గళ్ళచొక్కా గోడకి చేరగిలబడి, మాస్కు తడిసిపోయేదాకా ఏడ్చాడు.

మధ్యాహ్నం పెద్దాయన తలదించుకునే విన్నాడు.

"పొద్దున తను మన దగ్గరికే వస్తోంది సార్. చెప్పేయడానికే వస్తోంది. ఫైల్లో ద్రోహి అని రాశారు, కొట్టేయండి."

"కొట్టెయ్యలేను. ఆమె అమ్మిన డ్రాయింగులు ఇంకో నాలుగు వాళ్ళ దగ్గరున్నాయి. అవి నిజమైనవేనని ఇంకా నమ్ముతున్నారు. ఈ దొంగది ఎలా దొరికిందంటే గుమాస్తా నోరు జారాడని చెప్తాం. ఆమె మాత్రం ద్రోహిగానే ఉండాలి. అంత్యక్రియలకి డిపార్ట్‌మెంటు నుంచి ఎవరూ వెళ్ళకూడదు. అన్నవి కాబట్టి నీకొక్కడికే పర్మిషన్. నోరు మాత్రం విప్పకు."

మర్నాడు శ్మశానంలో అమ్మ, పిన్ని, వర్క్‌షాపు వాళ్ళిద్దరు, అతను. అమ్మ చేతిలో మడతపెట్టిన పేపరుంది.

"ద్రోహి అని రాశారేంట్రా? మన పిల్ల అలాంటిదా?"

కాదమ్మా అనే మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. అంత కష్టమైన పని అతను ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యలేదు.

అప్పుడే గేటు తీసుకుని ఓ ప్లంబరు వచ్చి చెల్లి పాదాల దగ్గర పువ్వు పెట్టి పక్కకి నిలబడ్డాడు. తర్వాత మీటర్ రీడింగ్ తీసేవాడు, నల్లద్దాల గుడ్డివాడు, పోస్ట్‌మాన్, ఇద్దరు నర్సులు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. పంతొమ్మిది మంది.

"ఎవర్రా వీళ్ళంతా?" అంది అమ్మ.

"చెల్లిని నమ్మినవాళ్ళమ్మా."

అమ్మ వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసి, పేపరు చింపేసింది.

అందరికన్నా ఆఖర్న ఓ ముసలి తోటమాలి వచ్చి, చెల్లి ముందు తలదించుకుని చాలాసేపు నిలబడ్డాడు. వెళ్ళడానికి తిరిగేసరికి అతని తెల్లమీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆ గమ్ము జడివానలో తడిసినా ఊడదని డిపార్ట్‌మెంటు గ్యారంటీ. కన్నీళ్ళతో ఎవరూ టెస్ట్ చేసినట్టు లేదు.