ఆరని రంగుల చౌరస్తా

మిట్టమధ్యాహ్నం పన్నెండు... అమావాస్య! తెలంగాణ బంద్‌తో జనగామ వీధుల్లో నరసంచారం లేదు. ఎండలోనే ఫెళఫెళమని ఉరుము! గుడ్లగూబలకు అది నిద్రవేళ గనుక, ఆ లోటును ఒక కాకి తీరుస్తోంది.

పాడుబడ్డ మేడలో చిత్రకారుడు వెంకట్రాం నరకపాలంలో నూనెరంగులు కలుపుతున్నాడు. అతడు గీసేవన్నీ శీతకాలపు రాత్రి నగరవీధులే. ఎదుట నిలువెత్తు పటం... వరంగల్ చౌరస్తా, అర్ధరాత్రి, గడ్డకట్టిన పొగమంచు, పదమూడు వీధిదీపాలు. ప్రతి దీపం కిందా ఒక మనిషి. గీసిన మనుషులు కారు... అపహరించిన ప్రాణాలు! అమావాస్యనాడు ఒక్క గంట పటం తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లి దీపం ఊదితే ఆ ప్రాణం అతడి ఆయుష్షులో కలుస్తుంది. ఒంటిగంటకు రంగు ఆరిపోతుంది. ఆలోపు బయటపడాలి!

తలుపు దడాలున తెరుచుకుంది. రజని! ఈ ఇంట అంట్లు తోమడానికి వచ్చిన ఆమె తల్లి సత్తెమ్మ మాయమై తొమ్మిది రోజులు.

"బందునాడు ఎట్లొచ్చినవే?"

"నడిసొచ్చిన. మా అవ్వేది?"

"అగో, ఆఖరి దీపం కింద. జర ఆగు, ఊదొస్త!"

వికటాట్టహాసం చేస్తూ కపాలంతో పటంలోకి దూకాడు. రజని వెంట దూకబోతే అదృశ్యశక్తి వెనక్కి విసిరేసింది.

"అవ్వా! లెవ్వే!" కదలిక లేదు. "అవ్వా, ఉరుకే!" ఊహూఁ. అతడు ఆఖరి దీపానికి పది అడుగుల దూరంలో ఉన్నాడు...

"రాస్తారోకో!" అని కేక పెట్టింది రజని.

పదమూడు తలలూ ఒక్కసారి లేచాయి! నెలల తరబడి రోడ్ల మీద బైఠాయించిన జనం. పిలుపు వినపడ్డాక మంత్రం ఒక లెక్కా? బిలబిలా వచ్చి చేతులు కలిపి అతడి చుట్టూ కూర్చున్నారు.

"లెవ్వుండ్రి! బూడిద చేస్త!"

"లాఠీలకే లేవలే, నీ బెదిరింపుకు లేస్తమా?" అంది సత్తెమ్మ.

"ఒంటిగంట గావస్తాంది... జర తొవ్వియ్యక్కా!"

"దవాఖానకా? ఏదీ, డాక్టరు చీటీ చూపెట్టు!"

ఠంగ్! ఒంటిగంట! రంగు ఆరసాగింది... పాదాలు... మోకాళ్లు... కంఠం! ఆర్తనాదం సగంలో గడ్డకట్టింది! కపాలం భళ్లున పగిలింది. మాంత్రికుడు బిగుసుకోగానే బంధం వీడింది. పదమూడుగురూ చలికి గజగజలాడుతూ గదిలోకి వచ్చిపడ్డారు.

కూతుర్ని కావలించుకున్న సత్తెమ్మ వెనక్కి చూసింది.

"పాపమే... బందు ఆరింటిదాకనే కద? ఆరు గొట్టినంక పోనిద్దామా?"

"పోనిద్దాం అవ్వా" అంది రజని.

పటంలో ఎప్పటికీ అర్ధరాత్రి పన్నెండే.