చప్పిడి పప్పు

తెల్లవారగానే బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్డు సైరన్ మోగింది. కనకం మంచం మీంచి కాళ్లు దించింది గానీ, లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆరో నెల. పాదాలు పొంగి మట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి. ఉప్పు ముట్టుకుంటే తల్లికీ బిడ్డకీ ముప్పేనని రైల్వే డాక్టరు గట్టిగా చెప్పాడు.

చెప్పడానికి ఆయనకేం! యుద్ధం వచ్చి బియ్యం దొరకడం గగనమైనప్పటి నుంచీ ఆ లైనులో మూడు క్వార్టర్లకూ ఒకే పొయ్యి. వండేది కనకం అత్త అసిరమ్మ. గరిటె ఆవిడ చేతిలో ఉండగా ఇంకొకరు ఉప్పు మాట ఎత్తడమా! కనకం రోజూ అందరి మధ్యా కూర్చుని, నాలుగు వట్టి మెతుకులు కతికి లేచిపోయేది.

ఆ పూట పక్క క్వార్టరు అప్పలకొండ ఊరుకోలేదు. "ఒదినా, నీ కోడలికి మనతో తినడం నామోషీ నాగుంది."

అసిరమ్మ కోడలి విస్తట్లో పప్పు గుమ్మరించింది. "తిను. ఏటి, నా వంట గొంతు దిగదా?"

డ్యూటీకి బయలుదేరుతున్న కొడుకు సూర్యం గుమ్మంలో ఆగాడు. "అమ్మా, డాక్టరు దానికి ఉప్పొద్దన్నాడు. చిన్న కుండ వేరే పెట్టీయే."

"వేరు కుండా!" అంది అసిరమ్మ. "మా పుట్టింట్లో ఇలాగే పెట్టినారు. ఏడాది తిరక్కుండా అన్నదమ్ములు నడింట్లో గోడ కట్టీసినారు. నాను బతికుండగా ఈ పొయ్యి మీద రెండో కుండ ఎక్కదు."

సూర్యం తల దించుకుని వెళ్లిపోయాడు. కనకానికి ఎదురుగా అత్త, పక్కన అప్పలకొండ, వెనక గోడ. ముద్ద కలిపింది. చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఇక ఏడుపు ఆగలేదు.

"నాకు వేరు కుండొద్దత్తా. మీరందరూ కావాలి. నా బిడ్డా కావాలి," అంటూ చీర కాస్త పైకి లాగి పాదాలు చూపించింది.

అసిరమ్మ వేలితో కోడలి పాదం నొక్కింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"కాళ్లిలా పొంగినాయని ఇంతవరకూ నాతో చెప్పనేదేటే?"

"చెప్తే వింటావేటి?"

అసిరమ్మ ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు దించలేదు.

సాయంత్రం విస్తళ్లు పరిచారు. ఆకు చివర చిటికెడు ఉప్పు వెయ్యడం ఎప్పుడూ ఉన్నదే. ఈసారి అసిరమ్మ అందరికీ బాగా వేసుకుంటూ వెళ్లి, కోడలి ఆకు మాత్రం దాటేసింది.

అప్పలకొండ ముద్ద నోట్లో పెట్టి మొహం చిట్లించింది. "పప్పులో ఉప్పు మర్చిపోయినావొదినా!"

"మర్చిపోనేదు. కుండ ఒక్కటే. కావలసినోళ్లు ఆకు మీంచి కలుపుకోండి."

అసిరమ్మ వచ్చి కోడలి పక్కనే కూర్చుంది. ఆవిడ ఆకు మీదా ఉప్పు లేదు. అది చూసి కనకం కళ్లు మళ్లీ నిండాయి.

"ఒలే, ఏడవకు," అంది అసిరమ్మ, కొంగుతో కోడలి చెంప తుడుస్తూ. "పప్పులో ఉప్పు పడిపోద్ది."