ఆకాశం ఆదెన్న చూడని సినిమా

పొద్దున్నే తట్టలో బొరుగుల ఉగ్గాని చల్లారిపోతాంటే, పుష్పావతి ఫోన్లో యుద్ధం చేస్తాండింది. ప్రపంచంలో అన్నిటికంటే గొప్ప డాక్యుమెంటరీ ఏదని ఒక గ్రూపులో వాదన. ఆ గ్రూపులో జనం గార్లదిన్నె సంతలో కంటే ఎక్కువ. ఒక్కరి మొగం గూడా ఆమె చూసింది లేదు. హైదరాబాదులో సినిమా చదువు చదివి ఇంటికొచ్చినప్పట్నుంచి ఆమెను వదలకుండా పట్టుకోని ఉండేది ఫోను చార్జరొక్కటే.

"ఎవురితో మే కొట్లాట?" అనింది వాళ్ళమ్మ గంగక్క.

"అన్నిటికంటే పైన ఏ సినిమా పెట్టల్లని, మా."

"ముందు ఆ ఉగ్గాని నోట్లో పెట్టు. సినిమా యాడికీ పోదులే."

గ్రూపంతా ఒకే సినిమాను పైన పెడతాండారు. ఎవురో తెల్లదొర అనంతపురం కరువు మీద తీసింది. అందులో ఒక రైతు ఎండిన చేన్లో నిలబడి ఆకాశం చూస్తాడు. చెంప మీదికి కన్నీళ్ళు జారతాయి. "ఆ ఏడుపు దొంగది, ఆ రైతు నాకు తెలుసు" అని పుష్పావతి ఒక్కతే రాసింది. ఆ రైతు తన నాయనే అని మాత్రం రాయలేదు.

వానలు తప్పిన ప్రతి యేడూ కార్లేసుకోని కెమెరావాళ్ళు ఊర్లోకొస్తారు. టీ అంగడికాడ "ఆకాశం ఆదెన్న ఇల్లు యాడ?" అని అడుగుతారు. ఆదెన్న చేన్లోకి పోయి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకోని పైకి చూస్తాడు. ఆయన చూసినంత ఆకాశాన్ని పక్షులు గూడా చూసుండవు. మేఘాలకు గూడా ఆయన మొగం బాగా గుర్తు. అందుకే దూరం నుంచే చూసి పక్క జిల్లాకు పోతాయి.

ఇప్పుడు పుష్పావతి గూడా ఒక సినిమా తీయల్ల. కెమెరా మెడకేసుకోని నాయన ముందర నిలబడింది.

"చేనుకాడికి పోదాం రా నాయనా. ఒక్కసారి పైకి చూస్తే చాలు."

"నేను రాను పాపా."

"ఊరూపేరూ తెలీనోళ్ళకంతా చూసినావే! కన్నకూతురికి చూడవా?"

"వాళ్ళకు ఆకాశం చూసే ముసిలోడు గావల్ల, చూసినా. నీకూ వాడే గావల్నా?" ఆదెన్న గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చి ఇన్ని దినాలాయ. నా పక్కన కూచోని ఒక మాట మాట్లాడినావా? ఆ కెమెరా లేకుంటే నాయన కనపడడా నీకు?"

పుష్పావతికి సుర్రుమనింది. "నీ దొంగేడుపు చూసి లోకమంతా చప్పట్లు కొడతాంది! నాకెంత సిగ్గుగా ఉంటాదో నీకేం తెలుసు?"

"నోరు ముయ్ మే!" అనింది గంగక్క.

"దొంగేడుపా? యాడ ఏడిస్తిని?"

"ఆ దొర సినిమాలో. నువ్వు చూడల్యా?"

"ఎవురు చూపించినారు పాపా? తీసుకున్నోళ్ళు తీసుకోనే పోయినారు. ఎవురూ తిరిగొచ్చింది ల్యా."

పుష్పావతి మెడలో కెమెరా తీసి పక్కన పెట్టింది. కాలేజీలో చేరినప్పట్నుంచి ఆ సినిమా తన ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాని మీద ఊరూపేరూ తెలీనోళ్ళతో తెల్లార్లూ వాదించింది. ఈయనకు చూపించాలని ఒక్కసారి గూడా తోచలేదు.

లోపలికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టింది. ఆదెన్న ఆధార్ ఫోటోకు కూచున్నట్ల బిగుసుకోని కూచున్నాడు. తెర మీద మనిషి పైకి చూసినాడు.

"ఈయప్ప బాగానే చేస్తాండాడే."

"ఆ చారల అంగీయేనా, నేను పొయ్యికాడ మసిగుడ్డ చేసుకునింది?" అనింది గంగక్క.

కన్నీళ్ళు జారినాయి. ఇంగ్లీషు గొంతు ఏదో చెప్పింది.

"ఏమంటాండాడు?"

"వానల్లేక ఏడుస్తాండావంట."

ఆదెన్న పకపకా నవ్వినాడు. "వానకు ఏడ్చేటట్లుంటే, మా కండ్లనీళ్ళకే పామిడికాడ పెన్నా పొంగిపోతాండె గదా!" నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఆ దినం నిన్ను బడికని కదిరి హాస్టల్లో విడిచిపెట్టి వస్తి పాపా. నువ్వు గేటు పట్టుకోని ఏడుస్తాంటివి. నేను తిరిగి చూస్తే నువ్వు ఇంకా ఏడుస్తావని, చూడకుండానే బస్సెక్కితి. ఊర్లో దిగితే ఈళ్ళు కాచుకోని ఉండారు. పైకి చూడన్నా అన్నారు. చూస్తి. అంతవరకూ పట్టుకోనున్నది ఆగల్యా."

తిరిగి గూడా చూడకుండా బస్సెక్కిన నాయనను పుష్పావతి ఈ దినం వరకూ క్షమించలేదు. ఇప్పుడు ఆయన మొగం చూసేదానికి ఆమెకు చానాసేపు పట్టింది. మంచం మీద జరిగి, ఆయన భుజానికి ఆనుకోని కూచునింది. కండ్లు తుడుచుకునింది గానీ అవి నిలవలేదు.

సినిమా మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. దొర గొంతు వినపడకుండా తీసేసింది.

"ఈసారి నువ్వు చెప్పు నాయనా."

ఆదెన్న గొంతు సవరించుకున్నాడు.

"ఇది మా చేను. ఆ నిలబడినోడు నేను." తెర మీద తన పక్కన ఖాళీగా ఉండే చోట వేలు పెట్టినాడు. "ఈడ మా పాప ల్యా."