గద్దచరియ దుమ్మీగ

"ఇది తేనెటీగ కాదమ్మా. దాని వేషం ఏసుకున్న ఈగ," అన్నాడు మండ్లి గురవయ్య, ఫొటోను వెలుతురుకు పట్టి. "రెండే రెక్కలు. ముట్టె సూది లెక్కన ముందుకుండాది. మేము దుమ్మీగ అంటాం."

హైమవతి టీ గ్లాసు కింద పెట్టేసింది. జిల్లా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆమె, ఈ మాట కోసం ఏడాదిగా నల్లమలలో పెంటలనే చెంచుగూడేలన్నీ తిరిగి, చివరికి గురవయ్య ఉండే ఈతలపెంట చేరింది. నిరుడు ఒక సాలెగూట్లో ఈ ఈగ చచ్చి దొరికింది. తోక విరిగిపోయింది. ఏ పుస్తకంలోనూ లేని జాతి ఇది అని ఆమె రాస్తే మ్యూజియంవాళ్లు ఒప్పుకోలేదు. ఒక్క విరిగిన ఈగను చూసి కొత్త జాతి అనలేం, మగదీ ఆడదీ చెక్కుచెదరనివి పంపండి అన్నారు. తొలివాన పడితే ఈగ మళ్లీ ఏడాదికి గాని కనపడదు. వచ్చే ఏడాదికి ఆమె ఉద్యోగం అయిపోతుంది, అడవిలోకి వెళ్లే అనుమతీ అయిపోతుంది.

"ఎక్కడుంటుంది గురవయ్యా?"

"గద్దచరియ గుహలో. బంగారం కోసరం ఎవరో గుంతలు తవ్వి, మట్టి కుప్ప పోసి పోయినారు. ఆ కుప్పలోనే ఉంటది. మబ్బు చూడు, రేపే పోవాల."

తెల్లవారగానే ముగ్గురు బయల్దేరారు. మూడోవాడు గురవయ్య బామ్మర్ది చిగుర్ల అంకన్న. భుజాన నారతాడు చుట్ట. వెదురుపొదలు దాటి, వాగు దాటి, బండల మీద నాలుగు కాళ్లతో పాకి, పొద్దు బారెడెక్కేసరికి చరియ నెత్తిన నిలబడ్డారు. గుహ ఎనిమిది నిలువుల కింద ఉంది. దాని పైపెదవికి పెద్ద తేనెపట్టు నల్లగా వేలాడుతోంది. ఇంకా కింద, లోయలో, చెట్ల తలలు పచ్చికలా కనిపిస్తున్నాయి.

చెంచుల్లో తేనెకు దిగేవాడి తాడును భార్య తోడబుట్టినవాడే పట్టాలి. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు ఆ పిడికిట్లో ఉంటాయి గనక ఏం జరిగినా వదలడు. అంకన్న తాడును రాతికొమ్ముకు రెండు చుట్లు తిప్పి బావను దించాడు. తర్వాత హైమవతి నడుముకు తాడు కట్టుకోబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నీకు నేను పట్టకూడదమ్మా. నువ్వు నాకేమవుతావు?"

"చెల్లెలిననుకో."

అంకన్న పకపకా నవ్వాడు. "నా చెల్లెలు ఆ కిందున్నోడి పెళ్లాం. నువ్వూ చెల్లెలివంటే మా బావకేమవుతావో ఆలోచించుకో!"

"ఒరే, ఇనపడతాంది!" అని కింద నుంచి కేక. "ఉన్న ఒక్కదానితోనే ఏగలేకపోతన్నా!"

"అయితే అక్కను," అంది హైమవతి. "నీకంటే పదేళ్లు పెద్దదాన్ని."

"అక్కవైతే సరే. కళ్లు మూసుకొని దిగు."

ఆమె కళ్లు మూసుకోలేదు. రాయి మోకాళ్లకు గీసుకుంటుండగా దిగి గుహలో కాలు మోపింది. లోపల మనిషి లోతు గుంతలు. గుంతల పక్కన ఎర్రమట్టి దిబ్బ. దిబ్బనిండా పెన్సిలు పట్టేంత బొరియలు. పట్టు పెట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగలు ఆ బొరియల్లోకి పుప్పొడి మోస్తున్నాయి. గుహలోకి పడుతున్న ఎండపట్టీలో, నేలకు మూరెడెత్తున, ఏదో కదలకుండా గాలిలో నిలబడి ఉంది. ఒళ్లంతా బంగారు నూగు. రెక్కల్లో సగం గోధుమరంగు, సగం గాజు.

హైమవతి వల విసిరింది. సీసాలో పడ్డదాన్ని భూతద్దం కింద చూసింది. కళ్లు రెండూ నెత్తిన కలిసి ఉన్నాయి. "మగది! ఇక ఆడది దొరికితే చాలు."

సరిగ్గా అప్పుడే ఆమె ముక్కుకు పొగ తగిలింది. గుహలో కాలు పెడితే ముందు తేనెపట్టుకు పొగ పెట్టాలి. తాతల నాటి అలవాటు. గురవయ్య చేతులు వాటంతటవే పచ్చాకుల కట్ట అంటించేశాయి. పొగ గుహంతా కమ్మింది. ఎండపట్టీ ఖాళీ అయిపోయింది. ఒక్క దుమ్మీగ లేదు.

"గురవయ్యా, ఆర్పు! ఆర్పేయ్!"

"ఆర్పితే పైన పట్టులో ఈగలు మనల్ని బతకనీయవు."

"తెలుసు. ఆర్పు."

అతను ఆమె ముఖం చూశాడు. కట్టను మట్టిలో గుచ్చి తొక్కేశాడు. దూరంగా ఉరిమింది.

గురవయ్య తలగుడ్డ విప్పి, దిబ్బమట్టిని నలిపి, ఎండ పడే చోట గుడ్డలో జల్లించాడు. పిండిలాంటి దుమ్ము కుప్ప పడింది. "గుడ్లు పెట్టే ముందు తోకకు దుమ్ము పట్టించుకుంటది. మెత్తటి దుమ్మంటే దానికి పానం. కదలబాక."

చాలాసేపు ఏమీ రాలేదు. నెత్తిన తేనెపట్టు రొద పెరుగుతోంది. ఒక తేనెటీగ హైమవతి మెడ మీద కుట్టింది. ఆమె కదలలేదు. రెండోదీ కుట్టింది. అప్పుడు వచ్చింది ఆడ దుమ్మీగ. కుప్ప మీద వాలి, తోక దించి, గిరగిరా వణికించింది. పైకి లేచి ఒక బొరియ ఎదుట గాలిలో నిలబడి, తోకను ఒక్క విదిలింపు విదిల్చింది. దుమ్ము పట్టిన గుడ్డు బొరియలో పడింది. మళ్లీ విదిలింపు. మళ్లీ గుడ్డు. హైమవతి నాలుగు గుడ్లు లెక్కపెట్టింది. చూడవలసింది చూశాక వల వేసింది.

మరి రెండు ఆడ దుమ్మీగలు దుమ్ము మీద వాలాయి. గురవయ్య వల వైపు చూశాడు.

"వద్దు. రెండు చాలు. మిగతావి ఇక్కడే ఉండాలి," అని ఆమె సీసాలు జాకెట్టు లోపల దోపుకుంది.

తేనెపట్టు లేచింది. ఆకాశం ఊడిపడ్డట్టు తేనెటీగలు కమ్మాయి.

"లాగరా బామ్మర్దీ! అక్కను లాగు!"

హైమవతి పైకి తేలింది. అంకన్న కండలు తాళ్లలా ఉబ్బాయి. అతని ముఖం మీద ఈగలు ముసిరి కుడుతున్నాయి. తోలుకోవడానికి చేయి లేదు. ఆమె పైకి చేరగానే తాడు కిందికి పోయింది. ఈసారి బావ. అంకన్న కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. ఏమీ కనపడక, తాడు బరువును బట్టే లాగాడు. హైమవతి అతని వెనక తాడు పట్టుకొని మడమలు తన్నిపట్టింది. గురవయ్య అంచు మీదికి పాకేసరికి వాన దబదబా కురిసి ఈగల్ని తరిమింది.

"వదిలేస్తావనుకున్నా," అన్నాడు గురవయ్య రొప్పుతూ.

"మా చెల్లెలు ఊరుకుంటదా?" అంది అంకన్న వాచిన నోరు.

రెండు రోజులు గురవయ్య గుడిసె అరుగు మీద కూర్చుని హైమవతి ఈగ వర్ణన రాసింది. రాసింది రాసినట్టు చదివి వినిపించేది. "రెక్క మొదలు గోధుమరంగు" అంటే గురవయ్య తల అడ్డంగా ఊపాడు. "గోధుమ కాదు. ఎండిన ఇప్పపువ్వు." ఆమె కొట్టేసి అలాగే రాసింది. పేరు దగ్గర ఆగితే, కళ్లు ఇంకా తెరుచుకోని అంకన్న మూలనుంచి అన్నాడు, "కొత్తగా పెట్టేదేంది? దానికి పేరుండాది గదా." పెద్ద పెద్ద పండితుల లాటిన్ భాషలో రాయవలసిన ఆ పేరులో దుమ్మీగ అన్న మాట చేరింది. మొదట గుర్తించినది ఎవరు అన్న చోట, ఈతలపెంట చెంచులు అని రాసింది.

చలికాలంలో అచ్చయిన పత్రం పెంటకు వచ్చింది. మ్యూజియంవాళ్లు ఒప్పుకున్నారు. పెంట పెంటంతా గుమిగూడింది. గురవయ్యకు అక్షరాలు రావు. బొమ్మ ఉన్న పేజీ తీయించి, ఒడిలో పెట్టుకొని, గోటితో రెక్క అంచు వెంట నడిపాడు. ముట్టె కొలిచాడు. తోక చివర వెంట్రుకలు ఒక్కొక్కటీ చూశాడు. 

తలెత్తి గుంపంతా కలయజూసి అన్నాడు, "తప్పు లేదు. ఇదే. లోకానికి చూపించుకోవచ్చు."